శుక్రవారం చెత్త

ఆ శుక్రవారం పొద్దున్నే వాసంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిపని తెమిలాక పక్కింటి ప్రేమలత దగ్గరికి వెళ్ళాలి. గుప్పెడు మాగిన కంపోస్టు అడగాలి. తెచ్చి, తను కొత్తగా కొన్న మట్టికుండలో వేసుకోవాలి. అంతే. గుప్పెడు ఎరువు కోసం బయల్దేరిన పని నరసరావుపేట మున్సిపాలిటీ ఆఫీసు దాకా నడుస్తుందని ఆమె ఏమాత్రం అనుకోలేదు.

కుండ కొనడానికి కారణం అత్తగారి పూలబుట్ట. నాగేంద్రమ్మ రోజూ స్నానం కాగానే ఇత్తడి బుట్ట పట్టుకుని ప్రేమలత వాళ్ళ డాబా ఎక్కుతుంది. అక్కడ ముద్దమందారాలు, నందివర్ధనాలు, పిట్టగోడ పొడుగునా కనకాంబరాల తొట్లు. దిగివచ్చేటప్పుడు బుట్టనిండా పూలుంటాయి, నోటినిండా ప్రేమలత ఉంటుంది.

“ఆ పిల్ల చెయ్యి చానా మంచిదే అమ్మాయ్. ఎండుపుల్ల గుచ్చినా చిగురేసుద్ది. నువ్వు పెట్టిన తులసి మళ్ళీ ఎండినట్టుందే?”

ఆ “మళ్ళీ” దగ్గర వాసంతికి అన్నంలో రాయి తగిలినట్టుండేది. కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయింది. తన గోంగూర పచ్చడికి పేరొచ్చింది, తన ముగ్గులకి పేరొచ్చింది. దేవుడి పటాల మీద పూలు మాత్రం ఇప్పటికీ పక్కింటివే. దానికితోడు భర్త వెంకటకృష్ణది ఎరువుల కొట్టు.

“నకరికల్లు దాకా సగం మిరపతోటలకి బలం మన కొట్లోంచే పోద్ది. మన తులసికి మటుకు అందదు,” అని అతను నవ్వుతుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది.

అట్లాంటి సమయంలో వార్డు సచివాలయం నుంచి తేజస్వి అనే అమ్మాయి వచ్చి వీధి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. ఊరి చెత్త ఊరవతల కొండలా పెరుగుతోందని, తడి చెత్త ఇంట్లోనే కంపోస్టు చేసుకుంటే ఆ కొండ తరుగుతుందని చెప్పింది. బాగా చేసిన ఇంటి గేటుకి మున్సిపాలిటీ వాళ్ళే ఆకుపచ్చ బోర్డు బిగిస్తారట. ‘ఆదర్శ గృహం’ అని దాని మీద రాసి ఉంటుందట. వీధికి ఒక్కటే బోర్డు.

“మొదట్లో పాత కంపోస్టు గుప్పెడు కలుపుకోండి. పాలకి తోడు వేసినట్టు పనిచేస్తుంది,” అంది తేజస్వి.

బోర్డు మాట రాగానే అందరూ ప్రేమలత వైపు చూశారు. ప్రేమలత కొంగు సర్దుకుంది. వాసంతి ఆ కొంగు సర్దుకోవడం చూసింది. ఆ సాయంత్రమే కుండ కొంది. ఆ బోర్డు తన గేటుకి వస్తే, కుండలో ఎరువు మాగితే, అత్తగారి బుట్ట తన పెరట్లోనే నిండుతుందని ఆమె లెక్క.

* * *

శుక్రవారం పని తెమిలేసరికి సందెవేళయింది. ప్రేమలత అప్పుడే తులసికోట దగ్గర దీపం పెట్టి లేచింది. వాసంతి అడగకముందే డాబా మీదికి తీసుకెళ్ళి డ్రమ్ము మూత తీసి చూపించింది.

“చూడు వదినా, టీపొడి లాగా లేదూ? మా తమ్ముడి పెళ్ళాం చిలకలూరిపేట నుంచి ఫోన్ చేసి మరీ అడిగింది, ఎట్టా చేశావని.”

“బాగుంది వదినా. ఒక గుప్పెడు ఇస్తావా, కుండలోకి తోడు వేసుకుంటా?”

ప్రేమలత మూత వేసేసింది.

“అయ్యో, అడగక అడగక అడిగావు. తోడు అంటున్నావు, దీపాలు పెట్టాక తోడు ఇస్తారా ఎవరన్నా? అందులోనూ శుక్రవారం. ఇంట్లో లక్ష్మిని చేతులారా బయటికి పంపినట్టుంటది.”

“చెత్తే గదా వదినా...”

“నీకు చెత్త. నాకు మూడు నెలల కష్టం.”

శనివారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళింది వాసంతి. పట్టుదల ముందు పౌరుషం కాస్త వంగింది. ప్రేమలత నాలుక కరుచుకుంది.

“శనివారం నల్లటి వస్తువు చేతికి ఇవ్వకూడదు వదినా. నా కోసం కాదు, నీ మంచికే.”

ఆదివారం ప్రేమలత వాళ్ళింటికి తాళం. చుట్టాల ఇంటికి వినుకొండ వెళ్ళారని తెలిసింది. గేటు లోపల డాబా మీద డ్రమ్ములు మాత్రం వరసగా నిలబడి తనని చూస్తున్నట్టనిపించింది వాసంతికి. మళ్ళీ అడగకూడదనుకుంది. కుండలో తొక్కలు వేసి, పుల్లమజ్జిగ పోసి, ప్రేమలత డాబా మీంచి కనపడకుండా మూత గట్టిగా బిగించింది.

* * *

మరుసటి శుక్రవారం చెత్త బండి వచ్చింది. బండి తోలే నరసమ్మ ఈల ఊదగానే వీధిలో గేట్లన్నీ తెరుచుకున్నాయి. వాసంతి తడి చెత్త బక్కెట్టు పట్టుకుని బయటికి వచ్చింది. సగం చెత్త కుండలోకి, సగం బండిలోకి అన్నది అప్పటికి ఆమె పద్ధతి. తల ఎత్తి చూస్తే ప్రేమలత బాల్కనీలో తల ఆరబెట్టుకుంటోంది. బక్కెట్టు పోయబోయిన వాసంతి చెయ్యి ఆగిపోయింది.

“వద్దులే నరసమ్మా!” అంది, బాల్కనీకి వినపడేటంత గొంతుతో. “ఇవాళ శుక్రవారం గదా. మా ఇంట్లోంచి చెత్త కూడా బయటికి ఇయ్యం. చెత్త కూడా లక్ష్మేనంట. ఈ వీధిలో తెలిసినోళ్ళు చెప్పారు.”

నరసమ్మ నోరు తెరిచింది. “చెత్త కూడా లక్ష్మేనా తల్లీ? అట్టయితే నేను ఇన్నేళ్ళ నుంచీ బండెడు లక్ష్మిని ఊరవతల పారబోసొత్తన్నా. అందుకా మా ఇల్లు బాగుపడంది!”

అందరూ పగలబడి నవ్వుతారని, ఆ నవ్వు బాల్కనీకి తగులుతుందని వాసంతి ఎదురుచూసింది. ఎవరూ నవ్వలేదు. ఎదురింటి ఇంద్రజ సగం వంచిన బక్కెట్టుని చటుక్కున నిలబెట్టింది. ఆమె భర్త క్వారీ లారీ తోలుతాడు.

“నిజమే వదినా. పోయిన శుక్రవారం నేను ఇట్టా చెత్త పోసి లోపలికి పోయానో లేదో, మాచర్ల దారిలో మా ఆయన లారీ టైరు పేలిందని ఫోనొచ్చింది. ఎందుకా అని వారం నుంచి ఆలోచిస్తన్నా.”

మూలయింటి షబ్నం కూడా తన బక్కెట్టు వెనక్కి తీసుకుంది.

“మాకూ శుక్రవారం మంచి రోజే వదినా. ఈ ఒక్క సంగతిలో మీరూ మేమూ ఒకటే.”

ఇది వెటకారమని, ఎత్తిపొడుపని చెప్పడానికి వాసంతి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పైన బాల్కనీ తలుపు దఢాలున మూసుకుంది. ఆ చప్పుడు చెవికి ఎంత హాయిగా ఉందంటే, తెరిచిన నోరు అట్లాగే మూసేసుకుంది.

సాయంత్రం అరుగు మీద ఈ విషయం నాగేంద్రమ్మ ముందుకు వచ్చింది. ఆవిడ వత్తులు చేసుకుంటూ తీర్పు చెప్పింది.

“చీపురు కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటామా లేదా? చీపురు లక్ష్మి అయినప్పుడు, అది ఊడ్చింది మటుకు ఎవరు?”

దాంతో శుక్రవారం చెత్త సంగతి తేలిపోయింది. “ఎంత బాగా చెప్పిందో మా వాసంతి,” అని కూడా అంది నాగేంద్రమ్మ. వాసంతి ఆ మాటని రెండు రోజులు చప్పరించుకుంది. అబద్ధం మీద నిలబడిన మెప్పు అయినా, మెప్పు మెప్పే.

* * *

శుక్రవారం తరవాత మంగళవారం చేరింది, ఆ రోజూ ఏమీ ఇవ్వకూడదు గనక. తరవాత అమావాస్య చేరింది. ఇదంతా బాల్కనీలోంచి చూస్తున్న ప్రేమలతకి కడుపు రగిలిపోయింది. ఆ మాట పుట్టింది తన నోట. పేరు మాత్రం వాసంతికి పోయింది. ఇంద్రజ అయితే, “వాసంతొదిన నోటి చలవ, మా ఆయనకి వరసగా లోడ్లు దొరుకుతున్నయ్యి,” అని వీధంతా చెప్పుకుంటోంది.

ఒక బుధవారం ప్రేమలత గేటు దగ్గర నిలబడి నరసమ్మతో గట్టిగా అంది.

“మా ఇంటి ముందు తడి చెత్తకి బండి ఆపమాకు నరసమ్మా. కొందరి లాగా రోజులు చూసుకుని ఆపేదాన్ని కాదు. మేం ఏ రోజూ ఇయ్యం.”

వీధిలో వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ప్రేమలత ఊరికే ఏదీ చెయ్యదు. ఏడు రోజులూ దాచుకుంటుందంటే ఏదో తెలిసే ఉంటుంది. మర్నాటికి ఇంద్రజ ఇచ్చేది మానేసింది, ఆ తరవాత షబ్నం. ఇక చివరింటి వాళ్ళ దాకా ఒకరిని చూసి ఒకరు ఆపేశారు. ఎదుటివాళ్ళ ఇంట్లో ఉన్నది తమ ఇంట్లో లేకుండా పోవడం ఆ వీధిలో ఎవరికీ ఇష్టం ఉండదు. అది ఫ్రిజ్ అయినా సరే, అరటితొక్క అయినా సరే.

ఆపిన చెత్తని ఎక్కడ పెట్టాలన్నది తరవాతి సమస్య. ఎండాకాలం పోయాక కుండలన్నీ ఎందుకు అమ్ముడుపోతున్నాయో కుండలమ్మే ఆమెకి అర్థం కాలేదు. వెంకటకృష్ణ కొట్టుకి ఎరువులు కొనే రైతుల కంటే ఖాళీ బక్కెట్లు అడిగే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు.

“ఏందే ఇది? ఊరంతా సొంతంగా ఎరువు చేసుకుంటే నా కొట్టు ఏం గాను? పోటీకి నువ్వే దిగితివా?” అన్నాడు భార్యతో.

తేజస్వి చెప్పింది గుర్తుచేసుకుని ఎండుటాకులు వేసిన వాళ్ళు కొందరు, బూడిద చల్లిన వాళ్ళు కొందరు. అరుగుల మీద మాటలు మారిపోయాయి. “మాది అరకుండ అయింది.” “మాది నల్లబడింది.” “షబ్నం వాళ్ళది నిన్న ఆవిరి లేచిందంట!” అని ఒకరు చెబితే, తమ కుండలో ఆవిరి రాలేదని తక్కినవాళ్ళు ఆ పూట అన్నం సరిగా తినలేదు.

వీధిలో కుండలన్నిటిలోకీ చెడిపోయింది ఒక్కటే. అది వాసంతిది. బిగించిన మూత కింద, పుల్లమజ్జిగలో, తొక్కలు మాగలేదు, కుళ్ళాయి. మూత తీస్తే బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు కదిలాయి. వాసన పెరట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పూజగదిలోకి వచ్చింది.

“యాడో ఎలక చచ్చినట్టుంది,” అన్నాడు వెంకటకృష్ణ ముక్కు మూసుకుని.

నాగేంద్రమ్మ పూలకని ప్రేమలత డాబా ఎక్కి, టిఫిన్ వేళ దాటాక గానీ దిగడం మానేసింది. “గాలి బాగుందే అక్కడ,” అంది. వాసంతికి తన కుండనే కాదు, ఆ గాలిని కూడా పగలగొట్టాలనిపించింది.

* * *

ఒక గురువారం నరసమ్మ బండి ఆపి, ఈల ఊదకుండా నెమ్మదిగా చెప్పింది.

“రేపు శానిటరీ ఇనస్పెట్రు జయపాల్ సారు మీ వీధికి వత్తన్నాడమ్మా. ఊళ్ళో వీధులన్నిట్లో తడి చెత్త వత్తంది, మీ ఒక్క వీధిలో రావట్లేదు. కాలవలో పోత్తన్నారేమోనని ఆయనకి అనుమానం. ఫైను రాత్తాడంట.”

“ఎవరికి రాస్తాడు?” అంది ఇంద్రజ.

“ముందు మొదలుపెట్టినోళ్ళకి రాత్తాడు గావాల.”

అంతే. అప్పటిదాకా వాసంతొదిన నోటి చలవ అన్నవాళ్ళు ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు జయపాల్ ఆటోలో వచ్చాడు. వెంట తేజస్వి, ఫోనుతో ఫొటోలు తీసే మనిషి ఒకరు. జయపాల్ కాలవలోకి వంగి చూశాడు, ఖాళీ స్థలంలో తుప్పలు కర్రతో కదిపి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. నడివీధిలో నిలబడి గొంతు పెంచాడు.

“ఈ వీధిలో తడి చెత్త ఆపడం మొదలుపెట్టింది ఎవరు?”

ఇంద్రజ చెయ్యి కొంచెం లేచి వాసంతి గేటు వైపు తిరిగింది. షబ్నం కళ్ళు అటే తిరిగాయి. చివరింటి వాళ్ళ గడ్డాలు కూడా అటే తిరిగాయి. వాసంతి గేటు వదిలి ముందుకొచ్చింది. బోర్డు మాట దేవుడెరుగు, ఫైను కాగితం పట్టుకుని అత్తగారి ముందు నిలబడాలి. ఆ తరవాత అత్తగారు కాపురమే ప్రేమలత డాబా మీదికి మార్చేస్తుంది.

“నేను కాదు సార్! శుక్రవారం ఇవ్వకూడదని ముందు అన్నది ప్రేమలతొదిన. ఆమెని అడగండి.”

ప్రేమలత చకచకా మెట్లు దిగి వచ్చింది.

“నేనా? ఒట్టు సార్, మా పిల్లల మీద ఒట్టు! ఆ మాట నేను అనలా, నాకేం సంబంధం లేదు. బండి ముందర నిలబడి వీధంతా వినపడేట్టు అరిచింది ఈవిడే. కావాలంటే నరసమ్మని అడగండి.”

“అవును సారూ, వాసంతమ్మే,” అంది నరసమ్మ బండి మీద నుంచి. “చెత్త కూడా లక్ష్మేనని నాతోనే చెప్పింది.”

జయపాల్ ఆ మాటకి ఆగిపోయాడు. “మరి ఆపిన చెత్త ఏది?”

ఒక్కొక్కళ్ళూ భయపడుతూ కుండలు బయటికి తెచ్చారు. అతను ఒక్కో మూతా తీసి చూశాడు. షబ్నం కుండలో చెయ్యి పెట్టి మట్టిని వేళ్ళతో నలిపాడు. ఇంద్రజ బక్కెట్టు వాసన చూశాడు. వాసంతి కుండ మూత తీసి వెంటనే పెట్టేశాడు, గానీ ముఖం మాత్రం వెలుగుతూనే ఉంది.

“మైకులు పెట్టాం. పాటలు పాడించాం. ఇంటింటికీ కార్డులు పంచాం. ఏ వీధీ కదల్లేదు,” అన్నాడు తేజస్వితో. “ఈవిడ ఒక్క మాటతో వీధి మొత్తాన్ని మార్చేసింది! బోర్డు తీయండమ్మా.”

ఏ వీధికీ బిగించక ఆటోలోనే తిరుగుతున్న ఆకుపచ్చ బోర్డు దిగింది. వీధి అంతా నోరు తెరిచింది. అందరికంటే ముందు తేరుకున్నది ప్రేమలత.

“సార్, సార్! అసలు ఆ మాట ముందు అన్నది నేనే సార్. మా డాబా మీదే అన్నా. కావాలంటే వాసంతొదిననే అడగండి.”

“ఇప్పుడే గదమ్మా పిల్లల మీద ఒట్టేశారు?” అన్నాడు జయపాల్.

వాసంతి ఎన్నడూ లేనంత నెమ్మదిగా కొంగు సర్దుకుంది.

గేటుకి బోర్డు బిగిస్తుంటే జయపాల్ జేబులోంచి పెన్ను తీశాడు. “మేడం, తక్కిన వార్డుల్లో కూడా ఇదే చేయిద్దాం. మీరు పాటించిన పద్ధతి ఏందో చెబితే రిపోర్టులో రాసుకుంటా.”

గేటు పక్కనే నిలబడ్డ వెంకటకృష్ణ దగ్గుతున్నట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నాగేంద్రమ్మ ముందుకొచ్చింది.

“పద్ధతి ఏముంది నాయనా, పక్కింటిని కనిపెట్టుకుని ఉంటే చాలు.”

జయపాల్ కాసేపు ఆలోచించి, ‘ఇరుగుపొరుగు పరస్పర స్ఫూర్తి’ అని రాసుకున్నాడు.

అప్పుడు తేజస్వి చప్పట్లు కొట్టి అందరినీ దగ్గరికి పిలిచింది. “ఆదర్శ గృహం అంటే వీధికంతటికీ కంపోస్టు కేంద్రం అండీ. వాసంతి గారి పక్క సందు ఖాళీగానే ఉంది గదా, సోమవారం మూడు పెద్ద డ్రమ్ములు పంపిస్తాం. ఇంక ఎవరూ కుండలతో తిప్పలు పడక్కర్లేదు. మీ తడి చెత్త రోజూ ఈవిడకి ఇచ్చెయ్యండి. ఈవిడ చూసుకుంటారు.”

వీధంతా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది ప్రేమలత.

* * *

డ్రమ్ములు వచ్చాయి. బోర్డు గేటు మీద మెరుస్తోంది. పొద్దున్నే వాసంతి ముఖం కడుక్కునేసరికి సందు ముందు బక్కెట్లు వరసగా ఉంటాయి. ఇంద్రజది, షబ్నందీ, చివరింటి వాళ్ళదీ. చేతికి తొడుగులు వేసుకుని ఆమె ఒక్కొక్కటీ పోసి, ఎండుటాకులు చల్లి, కర్రతో కలుపుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా వాసన ఆగదు. ఈగలు ఆ బోర్డుని చదవగలిగినట్టు సూటిగా ఆ ఇంటికే వస్తాయి.

“ఇంకేం అత్తయ్యా, ఎరువుకి కొదవ లేదు. రేపట్నుంచి మన మొక్కలకి పూలే పూలు,” అంది వాసంతి ఒకరోజు ఆశగా.

“పూసినప్పుడు చూద్దాంలే. ఈ వాసనకి దేవుడే ముక్కు మూసుకునేట్టున్నాడు,” అని నాగేంద్రమ్మ ఇత్తడి బుట్ట అందుకుని ప్రేమలత డాబా ఎక్కింది.

టిఫిన్ వేళ దాటాక దిగింది. కుడిచేతిలో మందారాలతో నిండిన బుట్ట. ఎడమచేతిలో మూతపెట్టిన నీలం బక్కెట్టు.

“ఎట్టాగూ వస్తున్నావు గదా పెద్దమ్మా, పట్టుకుపో అంది ఆ పిల్ల. చానా మర్యాదస్తురాలు.”

ఇదివరకు ఆ ఇంటి నుంచి పూలు మాత్రమే వచ్చేవి. ఇప్పుడు తొక్కలు కూడా వస్తున్నాయి, శుక్రవారం మినహాయించి.